నాచు మీద పేరు

"ఇది మీ భాషేనా?" అని అడిగాడు పార్క్ ఆఫీసర్.

జపాన్ దొర స్మారకం మీద పచ్చటి నాచును గీకి ఎవరో తెలుగులో రాశారు. ఒక్కో అక్షరం జానెడుంది.

"నరసింహ అని ఉంది," చదివింది దమయంతి.

దాంతో అమెరికాలోని బాతెల్ ఊరి తెలుగువాళ్ళ వనభోజనాలు చప్పబడిపోయాయి. పులిహోర ప్లేట్లు పట్టుకునే అందరూ రాయి చుట్టూ చేరారు.

స్మారకం అంటే విగ్రహమేమీ కాదు. జపాన్‌లో కూలిపోయిన ఒక కోట రాళ్ళను ఓడలో తెప్పించి, ఈ పార్కులో పేర్చారు. మధ్యలో నిలువెత్తు బండ. యుద్ధంలో దొర పోయాడు, కోట కాలిపోయింది. ఆయన పేరు తలిచే దిక్కు లేకపోతే భార్యే కొండెక్కి, మిగిలిన బండ మీద ఆ పేరు చెక్కిందట. బోర్డు మీదున్న ఈ కథంతా శ్రీకాంత్ పొద్దున్నే తన అమ్మానాన్నలకు విడమరిచి చెప్పాడు.

"ముప్పై ఏళ్ళు పెంచిన నాచు ఇది," అన్నాడు ఆఫీసర్. "చేసిందెవరో తేలకపోతే మీ సంఘానికి ఇక ఈ పార్కు ఇవ్వం."

అందరి కళ్ళూ శ్రీకాంత్ నాన్న మీద పడ్డాయి. ఆ గుంపులో నరసింహ ఆయనొక్కడే. మార్కాపురం నుంచి వచ్చి మూడు నెలలైంది. అక్కడ పలకల గనిలో ముప్పై అయిదేళ్ళు రాయి కొట్టిన మనిషి.

"రాయి కనబడితే అంకుల్ చెయ్యి ఊరుకుంటుందా?" అంది దమయంతి. ఆదివారం తెలుగు బడి నడిపేది ఆమే. మనవరాలు రియాను తీసుకొచ్చి నరసింహ భార్య ధనమ్మ రెండు గంటలూ వెనక బెంచీలో కూర్చునేది ఆ బడిలోనే. "రియా టీచర్‌ని. నాకే తల కొట్టేసినట్టుంది."

"తనూ దొరే అనుకున్నాడేమో!" అన్నారెవరో. కొందరు నవ్వారు. అది మంచి నవ్వు కాదు.

"గుడి గోడలు, కోట గోడలు అక్కడ ఏదీ వదలరు. ఆ రోగం ఇక్కడికీ మోసుకొచ్చారు."

దమయంతి ధనమ్మ వైపు తిరిగింది. "ఆంటీ, మీరే చెప్పండి. మీ ఆయన పేరేంటి?"

ధనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె నోటితో పలికింది లేదు. వేళ్ళు కనబడకుండా కొంగులోకి ముడుచుకుంది.

నరసింహ ఆ అక్షరాల వైపు కాసేపు చూశాడు. భార్య వైపు చూశాడు.

"నేనే," అన్నాడు.

శ్రీకాంత్ ఉలిక్కిపడ్డాడు. "నాన్నా, నువ్వేంటి? నువ్వెలా..."

"నోర్ముయ్ రా! నేనే గీకానని చెప్పు ఆయనకి."

శ్రీకాంత్ అమ్మ మొహం చూశాడు. తల దించుకుని, ఇంగ్లీష్‌లో ఆఫీసర్‌కి చెప్పాడు.

ఇక సందు దొరికింది. తలా ఒక రాయి వేశారు.

"ఈ వయసులో సిగ్గుండక్కర్లేదూ?"

"టికెట్ ప్రీపోన్ చేసి పంపించెయ్, శ్రీకాంత్. ఇండియాలో ఎంత కావాలంటే అంత గీక్కుంటారు."

"ఈసారి కమిటీలో నీ పేరు మర్చిపో."

కొడుకుని అంటుంటే నరసింహ ఆగలేక ముందుకొచ్చాడు. "తప్పయిపోయింది బాబూ. వాడినేమీ అనకండి," అని అందరికీ చేతులు జోడించాడు. ఒక్కరూ కరగలేదు.

"అక్షరాలు మాత్రం ముత్యాల్లా కుదిరాయి," అంది దమయంతి వెటకారంగా. "మా బడిలో పిల్లలకే ఇంత బాగా రావు."

ఆఫీసర్ కార్‌లోంచి కాగితం తెచ్చాడు. చేసిన తప్పు ఒప్పుకుంటున్నట్టు, మళ్ళీ ఈ పార్కులో అడుగు పెట్టనన్నట్టు అందులో రాసుంది. దమయంతి దాన్ని టేబుల్ మీద పరిచి, తన హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"సంతకం చెయ్యండి అంకుల్. అందరూ చూస్తుండగా చెయ్యండి."

నరసింహ పెన్నును పక్కకు జరిపి, ఎడమచేతి బొటనవేలు చాపి, "సిరా పుయ్యమ్మా," అన్నాడు.