అమ్మ ఆసుపత్రి వీడియోలు

"'అమ్మ' అన్న ఫోల్డర్ ఏదిరా? అమ్మ పాటలు, కబుర్లు అన్నీ అందులోనేగా ఉన్నాయి" అంది అక్క, కంప్యూటర్ తెర మీద వెతుకుతూ.

తమ్ముడు కూడా వంగి తెర చూశాడు; ఆ ఫోల్డర్ లేదు. 'అమ్మ ఆసుపత్రి' అని మొదలయ్యే ఫోల్డర్లను వరసగా చెరిపేయమని ఇందాకే షెల్ స్క్రిప్టు, అంటే కంప్యూటరుకిచ్చే ఆదేశాల చిట్టా, రాసి నడిపాడు. అమ్మ పోయాక ఆ వీడియోలు కంటబడితే చాలు, అక్క ఆ పూట ముద్ద ముట్టడం లేదు.

"స్క్రిప్టులో ఫోల్డర్ పేరు చుట్టూ కోట్స్ గుర్తులు పెట్టడం మర్చిపోయానక్కా. 'అమ్మ'కీ 'ఆసుపత్రి'కీ మధ్యలో ఖాళీ ఉందిగా, కంప్యూటరు రెండు పేర్లనుకుంది. 'అమ్మ'ని చెరిపేసింది. 'ఆసుపత్రి' అని విడిగా ఏదీ దొరక్క ఊరుకుంది."

"వెనక్కి రావా?"

"రావు. ఇలా చెరిపితే రీసైకిల్ బిన్‌లోకీ వెళ్లవు. ఇంకో కాపీ లేదు."

"మరి ఆసుపత్రివి?"

"అవి అలాగే ఉన్నాయి."

తనకు చేతనైంది అదొక్కటే అన్నట్టు అతను కోట్స్ పెట్టి స్క్రిప్టు సరిచేశాడు. "ఇప్పుడు సరిగ్గా పోతాయి. తీసెయ్యనా?"

అక్క అతని చెయ్యి పక్కకు జరిపి, ఆసుపత్రి వీడియో ఒకటి తెరిచింది. మంచం మీద అమ్మ మూలుగుతోంది. అక్క స్పీకరుకు చెవి ఆనించింది.

"ఉండనీరా" అంది. "అమ్మ గొంతు ఇక ఇదొక్కటే."