నరసమ్మగారి నిండని ట్యాంకు

“ఈసారి మూత తియ్యాల్సిందే నరసమ్మగారూ!” అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు గణపతిరావు, పెరట్లో బచ్చలి పందిరి కింద నిలబడి.

సెప్టిక్ ట్యాంకు ఉన్న ప్రతి ఇంట్లో ఏడాదికోసారి మూత తీసి చూడాలని రూలు. చోడవరంలో ఈ ఒక్క ఇంట్లో మాత్రం నాలుగేళ్ళుగా ఆయన మూత జోలికి పోలేదు. నరసమ్మ ఆయన సంచీ నిండా బచ్చలాకు కోసిచ్చేది. కందాబచ్చలంటే ప్రాణం పెట్టే గణపతిరావు, ట్యాంకు భేషుగ్గా ఉందని రాసుకుపోయేవాడు. రూలు రూలే, బచ్చలి బచ్చలే. కానీ ఈ డెబ్బై నాలుగో సంవత్సరంలో లోతు కొలిచి మరీ రాయమని పైనుంచి ఆర్డరొచ్చింది.

“మా ట్యాంకు బంగారం బాబూ! పక్కింటోళ్ళు రెండేళ్ళకోపాలి తోడించుకుంటన్నారు. మేం ఏడుగురం వాడతన్నాం, ఇప్పటిదాకా నిండితే ఒట్టు,” అంది నరసమ్మ గర్వంగా.

గణపతిరావు గునపంతో మూత లేపి, కొలకర్ర అడుగుదాకా దించాడు. పైకి తీస్తే బెత్తెడు కూడా తడవలేదు. ముక్కు మూసుకుని తొంగి చూశాడు. పందిరి వైపు గోడ బీటలిచ్చింది. ఆ బీటల్లోంచి బచ్చలి వేళ్ళు గుత్తులుగా లోపలికి దిగి ఉన్నాయి.

“ఏడుగురిది, నాలుగేళ్ళది... అంతా ఏటైపోయిందమ్మా?”

నరసమ్మ తలెత్తి పందిరిని చూసింది. నడివేసవిలో అరచెయ్యంత ఆకులు నిగనిగలాడుతున్నాయి. తర్వాత ఆయన చేతిలోని ఖాళీ సంచీని చూసింది.

“నాకేటి తెలుస్తాది బాబూ? మా ఇంట్లో బచ్చలి ఎవరూ ముట్టరు. కోసిందల్లా మీకే ఇస్తన్నాను కదా!”