ముసలోళ్ల సంఘం

"మేం సంఘపోళ్లం," అన్నది జోహరా బీ, ఠాణా ముందట నిలబడి. ఆమె ఎనుక పదకొండు మంది ముసలోళ్లు.

ఎస్సై కుర్చీల నుంచి ఎగిరిపడ్డడు. ఆ రోజుల్ల సంఘమంటే అన్నలదే, నక్సలైట్లదే.

"ఏం సంఘం?"

"ముసలోళ్ల సంఘం. పింఛన్లకు కొట్లాడుతున్నం. లీడర్ను నేనే."

"ఆయుధాలేవి?"

అందరు చేతికట్టెలు లేపి చూపిచ్చిన్రు.

ఎస్సైకి నమ్మకం కుదరలే. ఒక్కొక్కల పేరు, ఊరు, వయసు రాసి ముద్ర కొట్టిండు.

"మాకో నకలియ్యి బేటా. రేపు మమ్ముల మాయం చేస్తే మావోళ్లకు తెల్వాలె గద!"

పీడ పోతే చాలనుకొని ఇచ్చిండు.

జోహరా బీ సీదా మండలాఫీసుకు పోయి, గా కాయితం క్లర్కు ముందట పెట్టింది.

"వయసు రుజువుకు సర్కారు ముద్ర తెమ్మని పొద్దున ఎల్లగొట్టినవ్ గద బేటా. ఇగో, పన్నెండు మందిది!"