ఎర్ర గీత ఉన్న తారీఖు

అఫ్రీన్ ఫోన్ల మూడు వారాల సముద్రం గీతలు గీతలుగ కనవడుతున్నది.

ఒక్కో తారీఖుకు ఒక్కో గీత. అల చిన్నగుండే దినం గీత పొట్టిగ, పెద్దగుండే దినం పొడుగ్గ. బాపట్ల పక్కన సూర్యలంక బీచిదట.

"పన్నెండో తారీఖు పోదాం అమ్మమ్మా. అలలు అడుగున్నరే ఉంటయట. వాన గూడ లేదు," అన్నది అఫ్రీన్.

జోహ్రా మనుమరాలు అది, నన్ను అమ్మమ్మంటది. డిగ్రీ చదువుతది. చదివినోళ్లు అన్నీ తమకే తెలుసనుకుంటరు.

"అడుగున్నర అల సూడనీకి సిద్దిపేట నుంచి ఏడు గంటలు కార్ల కూసోవాల్నా? గాలొస్తె మన కోమటి చెరువుల గంత లేస్తది," అన్న నేను.

నా పేరు అంజమ్మ. నేను, జోహ్రా ముప్పై ఏండ్లు ఒక్క అరుగు మీద కూసొని బీడీలు చుట్టినం. ఆమె మోకాళ్లు అరిగినయి. నా నోరు అరగలే.

ఇరవై నాలుగు నాడు జోహ్రాకు మోకాళ్ల ఆపరేషన్. డాక్టర్ తారీఖు ఇచ్చిన కాంచి ఆమెకు తిండి లేదు, నిద్ర లేదు.

"అరవై రెండేండ్లొచ్చినయి, సముద్రం సూడలే. మత్తిచ్చినంక మళ్ల లేస్తనో లేదో. ఆలోపల ఒక్కపారి గా నీళ్లల్ల కాళ్లు పెడతా అక్కా," అన్నది.

గట్ల అడిగిన మనిషిని పొట్టి గీత దినం తీస్కపోతమా?

మా దిక్కు చెరువు నిండి నీళ్లు మత్తడి మీదికెల్లి దుంకిన నాడే ఊరంత సూడవోతది. సల్లగ పండుకున్న చెరువును ఎవ్వలు సూస్తరు?

ఫోన్ గుంజుకున్న. ఇరవయ్యొకటో తారీఖు గీత అన్నిటికన్న పొడుగు. పైంగ ఎర్రగ ఉన్నది.

"గిది మంచి దినం. కుంకుమ పెట్టి మరీ చూపిస్తున్నది," అన్న.

అఫ్రీన్ ఏదో చెప్పవోయింది. నేనెక్కడ ఇన్న.

"అక్క చెప్తె అంతే," అన్నది జోహ్రా.

ఇరవయ్యొకటి నాడు జోహ్రా పొద్దుగాల్ల నమాజు కాంగనే బయలెల్లినం. కారు మా వాడకట్టు పిలగాడు ఇస్తారిది, నడిపేది గూడ ఇస్తారే. తొవ్వంత నేను చెప్తనే ఉన్న, మనం పోయే దినం అసొంటిది ఇసొంటిది కాదని. సూర్యాపేట కాడ ఇస్తారి పాటలు పెట్టి సప్పుడు పెంచిండు.

బీచికాడ దిగినం. అడ్డంగ తాడు కట్టి ఎర్ర జెండ పాతిన్రు. తాడుకు ఇవుతల ఒక పోలీసాయన.

"వెనక్కెళ్లండమ్మా. ఇవాళ ఎవర్నీ నీళ్లలోకి వదలట్లేదు. అలలు పెద్దగా ఉన్నాయి," అన్నడు.

"పెద్దగున్నయనే వచ్చినం బిడ్డా."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూసిండు. "ఈ రోజే రమ్మని ఎవరు చెప్పారండీ?"

"ఫోనే చెప్పింది. ఎర్ర గీత చూపెట్టింది."

"ఎర్ర గీతంటే రావద్దని అమ్మా."

అఫ్రీన్ దిక్కు చూసిన. అది చున్నీ కొస నోట్లె పెట్టుకొని నవ్వు ఆపుకుంటున్నది. ఇస్తారి టైర్లల్ల గాలి సూడవోయిండు.

నాకు మాత్రం నవ్వు రాలే. ఆపరేషన్ ఇంక మూడొద్దులే ఉన్నది. మళ్ల రానీకి లేదు. నా పెద్దరికం పాడుగాను, ఒక్కటంటె ఒక్కటి అడిగింది, గది గూడ చెడగొడ్తిని.

"తప్పు నాదే జోహ్రా," అన్న.

ముప్పై ఏండ్లల్ల గా మాట నా నోట ఇనుడు ఆమెకు గదే మొదలు.

"చుప్ అక్కా. ఎంత సప్పుడు చేస్తున్నదో ఇననియ్యి," అన్నది. కండ్లు నీళ్ల మీదికెల్లి తీస్తలేదు.

తాడు దిక్కు రెండడుగులేసింది. చేతికర్ర ఇసుకల దిగవడ్డది. నీళ్లేమో ఇంకా నూరడుగుల దూరముంటయి. అలలు చిన్నగున్న దినమైతె ఇంకింత దూరం నడవాలెనట. మక్కకంకులు కాల్చే ఆమె చెప్పింది. చెప్పి, తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి జోహ్రాకేసింది.

తాడు కాడ కూసున్నం. కంకులు తిన్నం, చాయ తాగినం. వచ్చినందుకు సూసుడన్న అయితున్నది అనుకున్న.

పొద్దు వాలంగ నీళ్లు మీదికి రావట్టినయి. పోలీసాయన తాడు విప్పి ఎన్కకు కట్టిండు. జోహ్రా లేచింది, మేం కుర్చీ ఎన్కకు జరిపినం. కొంచెం సేపైనంక మళ్ల కట్టిండు. మళ్ల లేచింది, మళ్ల జరిపినం.

మూడోసారి ఆమె లేవలే.

"లేవాలమ్మా, నీళ్లొచ్చేస్తున్నాయి."

"మోకాళ్లు లేవనిస్తలెవ్వు బిడ్డా," అన్నది జోహ్రా.

ఇంత పచ్చి అబద్ధం ఆమె నోట నేనెన్నడు ఇనలే. నవ్వొస్తె మింగిన.

దూరంగ పెద్ద అల ఒకటి విరిగి పడ్డది. దాని నురుగు ఇసుక మీద పాక్కుంట పాక్కుంట వచ్చి, తాడు కింద దూరి, జోహ్రా కాళ్లను చీలమండల దాకా ముంచింది.

పోలీసాయన ఉరికొచ్చి కుర్చీ ఎన్క పట్టుకున్నడు. పట్టుకున్నడు గని గుంజలే.

ఆమె వంగి వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నది.

"ఉప్పే," అన్నది.

నీళ్లు ఎన్కకు పోంగ పాదాల కింద ఇసుక జారింది. నా చెయ్యి గట్టిగ పట్టుకొని పడి పడి నవ్వింది. నేను గూడ నవ్విన. కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయి, ఎందుకు దాచాలె.

"అఫ్రీన్, డిసెంబర్ల ఇక్కడ ఎట్లుంటదో సూడు బిడ్డా. అప్పటికి నడుస్త కదా," అన్నది జోహ్రా.

"ఫోన్ మూడు వారాలదే చెప్తది దాదీ. ఆ తర్వాతది దానికి తెల్వదు."

జోహ్రా ఇంకో అల వచ్చేదాకా ఆగింది.

"మంచిగనే ఉంటది," అన్నది.