చెరగని పుట్టుమచ్చ

వినోదాల పార్కులకు సినిమా హీరోల పోలికున్న మనుషులను పంపడం నా వ్యాపారం. బతికున్న హీరో పోలిక కంటే పోయిన హీరో పోలికకే గిరాకీ. సంసోనుది అలా పోయిన ఒక హీరో పోలికే; ఆ హీరోకున్నట్టు అతని బుగ్గ మీద రోజూ కాటుకతో పుట్టుమచ్చ దిద్దేది నేనే.

ఆ రాత్రి అతన్ని ఇంట్లో దింపడానికి తీసుకెళ్తూ, జూలూరుపాడు దాటాక అడవిలో వ్యాను ఆపాను. సంసోను కొబ్బరినూనెతో బుగ్గ తుడుచుకున్నాడు. గుడ్డకు నలుపు అంటలేదు.

"పోతలేదన్నా! నువ్వన్న జర గట్టిగ రుద్దు. గిట్ల ఇంటికి పోతే నా బిడ్డ జడుసుకుంటది."

రుద్దాను. చర్మం కమిలింది, మచ్చ చెరగలేదు.

ఆలస్యమవుతుందని చెప్పడానికి అతని భార్య సంపూర్ణకు స్పీకర్‌లో ఫోన్ చేశాను.

"ఏందన్నా, తాగినవా? ఆయనొచ్చి గంటైంది. పాపను పండుకోబెడుతుండు," అని నవ్వింది.

వెనక ఎవరో సన్నగా జోల పాడుతున్నారు. అచ్చం సంసోను గొంతే.

సంసోను నా చేయి పట్టుకున్నాడు. "జల్దీ పోనీయన్నా. నా బిడ్డ ఆడుంది."