గొడుగు కింద రెండు కుర్చీలు

“ఇదే ఆఖరు. వచ్చే ఏడు నేను రాను. మిమ్మల్నీ రానివ్వను,” అంది టైలరు భార్య.

పాత కార్ల ప్రదర్శన అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. మైదానం నిండా అద్దాల్లా మెరిసే కార్లు. ఎండ మాడు పగలగొడుతోంది. ఆకుపచ్చ కారు పక్కన, పెద్ద గొడుగు కింద, రెండు మడత కుర్చీల్లో కూర్చున్నారు మొగుడూ పెళ్లాలు.

“గేటు టికెట్టు పోయినేటికి రెట్టింపు. తెచ్చిన బండి నిలబెట్టినందుకు వేరే. మంచినీళ్ల సీసా కొంటే పాల ధర. అదిగో, ఆ టెంటు చూశారా? దాని కింద నిలబడాలంటే ఇంకో టికెట్టట. నీడక్కూడా టికెట్టు పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడికి దండం పెట్టాలి.”

“పాత కార్ల విలువ ఏటేటా పెరుగుతోంది కదే. చూసే ధర పెరగదూ?”

“మీరు కుట్టే చొక్కాల కూలి మాత్రం పెరగదు. సాయంత్రంలోగా, పెట్టిన డబ్బుకి ఇదిగో ఇది దక్కిందని చూపించండి. వచ్చే ఏడు వద్దాం. లేదా, ఈ పిచ్చికి ఇవాళే కుట్లు విప్పేద్దాం.”

టైలరు ఏడాదంతా మిషను ముందు నడుం వంచేది ఈ ఒక్క రోజు కోసమే.

అంతలో ఓ కుటుంబం ఫోన్లు పట్టుకుని వచ్చింది.

“చాలా పాతదాండీ ఈ కారు?” అడిగాడు ఇంటి పెద్ద.

టైలరు లేచాడు. మెడలోని కొలత టేపు సర్దుకున్నాడు. షాపు మూసినా దాన్ని తీసే అలవాటు లేదాయనకి.

“తాతల నాటిదండీ. మా నాన్న పుట్టింది ఈ వెనక సీట్లోనే. ఆ తోలు మీద కుట్టు చూడండి. రెండు వరుసలు, ఎక్కడా దారం తేలదు. ఈ పనితనం ఇప్పుడెవడికొస్తుంది?”

వాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఇంకో జంట వచ్చింది. ఈసారి వెనక సీట్లో పుట్టింది మేనత్త.

“ఇందాక మీ నాన్నన్నారు,” గొణిగింది భార్య.

“కవలలు.”

“మీ మేనత్త మీ నాన్న కన్నా ఏడేళ్లు చిన్న.”

“నెమ్మదిగా పుట్టింది.”

భార్య నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. ఊరికే కూర్చోలేక చేతిరుమాలు తీసి బానెట్ మీద దుమ్ము తుడవసాగింది.

టోపీ పెట్టుకున్న బక్కపలచటి మనిషొకడు టీ గ్లాసుతో వచ్చి కారు ముందు ఆగాడు. ఏదో అనబోయాడు. గ్లాసు బానెట్ మీద పెట్టబోయాడు.

“అయ్యా, కాస్త దూరం. రంగు పాడవుతుంది,” అన్నాడు టైలరు.

టోపీ మనిషి గబుక్కున గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“ఇంజను ఎలా ఉందండీ?”

“గుర్రం. తాళం తిప్పడం ఆలస్యం, సకిలిస్తుంది.”

“నిజంగా?” టోపీ మనిషి నోరు తెరిచాడు. “ఇంకా చెప్పండి.” తన టీ గ్లాసు టైలరు చేతిలో పెట్టాడు. “అమ్మగారికి ఇంకోటి తెస్తాను.”

తెచ్చాడు కూడా. తెచ్చి, పక్కనే ఎండలో నిలబడి వినసాగాడు.

“టీ ధర వసూలయింది,” అన్నాడు టైలరు చిన్నగా.

“గేటు టికెట్టు అలాగే ఉంది,” అంది భార్య.

చేతివేళ్లన్నిటికీ ఉంగరాలున్న పెద్దమనిషి వచ్చేసరికి ఆకుపచ్చ కారు ఒక వరద దాటింది. మూడు పెళ్లిళ్లు చేసింది. టైలరు తాతని ఆఖరి క్షణంలో ఆస్పత్రికి మోసింది.

“ఆ స్టీరింగు మీదే చెయ్యేసి అన్నాడండీ మా తాత. ‘ఒరే, దీన్ని మాత్రం వదలకురా’ అని.”

ఉంగరాలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“కొత్త కారు ధర ఇస్తాను. నాకిచ్చేయండి.”

టైలరుకి పొలమారింది. “ఇది అమ్మేది కాదండీ.”

“రెండు కార్ల ధర.”

భార్య టైలరు చొక్కా పట్టి లాగింది. “ఆయనంత ధర చెబుతుంటే ఇంకా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారేంటండీ. లేవండి.”

“డబ్బిస్తే తాత తిరిగొస్తాడాండీ?” అన్నాడు టైలరు.

“మూడు.”

పక్కన టోపీ మనిషికి దగ్గు తెర ముంచుకొచ్చింది.

టైలరు నుదుటి చెమట టేపుతోనే తుడుచుకున్నాడు. “అయ్యా, మీరు ఊరంతా రాసిచ్చినా ఈ కారు ఇవ్వడం నా వల్ల కాదు.”

ఉంగరాలాయన పెద్దగా నిట్టూర్చాడు. “మనసు మారితే ఆ టెంటులో ఉంటాను,” అని కదిలాడు. టోపీ మనిషి కూడా చడీచప్పుడు లేకుండా జనంలో కలిసిపోయాడు.

భార్య చేతిరుమాలు మడిచి ఒళ్లో పడేసుకుంది.

“మూడు కార్ల డబ్బు. చేతులారా వద్దన్నారు.”

“మరేం చెయ్యమంటావు?”

“మీరేం చెయ్యగలరు లెండి. అదే నా ఏడుపు. పొద్దుటి నుంచి మనకి దక్కిందేంటి? రెండు టీలు. వచ్చే ఏడు ఈ మాటెత్తితే ఆ టేపుతోనే మిమ్మల్ని మంచానికి కట్టేస్తాను.”

టైలరు కారు వైపు చూశాడు. వెనక సీటు కుట్టు వైపు ఇంకోసారి చూశాడు. ఈ జన్మకి ఇక ఇంతే అనుకుంటూ లేచి కుర్చీ మడవబోయాడు.

టోపీ మనిషి జనాన్ని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

“అన్నయ్యా, నేను మీ తమ్ముణ్ణని చెప్పి నా కారు మూడు కార్ల ధరకి అమ్మేశాను,” అన్నాడు ఆయాసపడుతూ, “వచ్చే ఏడు నా రెండో కారు తెస్తాను, మీరూ వదినా ఇలాగే చెప్పాపెట్టకుండా వచ్చి నా కుర్చీల్లో కూర్చోండి, టికెట్లు నావి.”