చప్పుడు లేని పని

కూర్చోగానే అతను మొదట చేసిన పని, చేత్తో తడిమి స్క్రీన్ ఆపేయడం.

పక్క సిస్టం మీద హాల్‌టికెట్ తీసుకుంటున్న డిగ్రీ కుర్రాడు అది చూసి నవ్వాడు.

"స్క్రీన్ వాడకపోతే కిరాయి సగమేనా అక్కా?"

నవనీత నవ్వలేదు. కోదాడ బస్టాండు వెనక ఆమె నడుపుతున్న ఇంటర్నెట్ సెంటర్‌కు చూపు లేని మనిషి రావడం అదే మొదలు.

పేరు ఉప్పలయ్య అనీ, మోతె నుంచి పొద్దున బస్సుకు వచ్చాననీ చెప్పాడు. సంచిలోంచి సీడీ తీసి సిస్టంలో పెట్టాడు. స్క్రీన్ మీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంది. ఇయర్‌ఫోన్ తగిలించుకొని, వింటూ, ఒక్క లైను కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

ఏం చేస్తున్నావని ఆమె అడిగింది. ఒక ఉచిత సైటును ఆ రోజు మధ్యాహ్నం దాటితే మూసేస్తారట. అందులోవి డౌన్‌లోడ్ చేసుకోవాలి. లింకులన్నీ ఆ సీడీలోనే ఒక ఫైల్లో రాసుకొని వచ్చాడు. ఆ ఫైలు పేరు చెబితే చాలు, ఒకటి అయ్యాక ఒకటి అదే తీసుకుంటుంది.

ఆమె స్క్రీన్ వేసి చూసింది. నల్లగా ఉంది. మూలకు ఒక చిన్న గీత మినుకుమంటోంది.

"ఏం రాదేంది తమ్మీ?"

"నేనే రావొద్దన్న అక్కా. లేకుంటే ఎంత డౌన్‌లోడ్ అయిందో ఒక్కొక్క అంకె నా చెవుల చదువుతనే ఉంటది. అదంత లోపల లాగ్ ఫైల్ల రాసుకుంటది. అడిగితేనే చెప్తది."

అడిగినా చెప్పని మనిషితో కాపురం చేసింది నవనీత.

భర్త దేవసహాయం మునగాల హైస్కూల్లో సైన్సు టీచరు. బడి విడిచి ఎంతో పొద్దుపోతే గాని ఇల్లు చేరేవాడు కాదు. ఎందుకంటే, పని ఉందనేవాడు. ఆ పనికి ఆమె ఒక ఆడమనిషి ముఖం ఊహించుకుంది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. ఎదురుచూడటం కూడా మానేసి, తాను తినేసి అతని గిన్నెల మీద మూత పెట్టేది. మూడేళ్ల కింద హైవే మీద లారీ గుద్దింది కూడా అతను అట్లా ఆలస్యంగా వస్తున్నప్పుడే. శవం మీద పడి ఏడుస్తూనే, ఎవరి దగ్గర నుంచి వస్తున్నాడో అనుకుంది.

ఆ అనుమానం ఇంకా పోలేదు. అతని గొంతు మాత్రం పోయింది. ఫోటోలు చూస్తే ముఖం వస్తుంది. గొంతు ఎంత వెతుక్కున్నా రాదు.

మధ్యాహ్నం ఉప్పలయ్య లేచాడు.

"తిని వస్త. లోపల నడుస్తనే ఉంటది అక్కా, జర ఎవలు ముట్టకుండ సూడు."

ఆమె తలూపింది. తలూపితే అతనికి తెలియదని, వెళ్లాక గుర్తొచ్చింది.

కాసేపటికి నెట్ నత్తలా అయింది. మూల సిస్టమే అంతా లాగేస్తోందని పిల్లలు గోల పెట్టారు. ఆమె వెళ్లి స్క్రీన్ వేసింది. అదే నలుపు. అదే గీత. పొద్దుటి నుంచి ఒక్క అక్షరం చేరలేదు.

సిస్టం ఆగిపోయిందనుకుందో, ఆ మౌనం మీదే కోపం వచ్చిందో, తర్వాత ఎంత తరచి చూసుకున్నా ఆమెకు తేలలేదు. రీస్టార్ట్ బటన్ నొక్కింది.

ఆ సెంటర్లో ఏ సిస్టం ఆపి మళ్లీ వేసినా, డౌన్‌లోడ్ చేసినవన్నీ తుడిచిపెట్టుకుపోయి కొత్తదానిలా లేస్తుంది. పిల్లలు చెత్త నింపుతున్నారని ఆమే అట్లా పెట్టించింది. గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించింది కూడా. వచ్చినవాళ్లంతా అది చదువుకొనే కూర్చుంటారు.

ఉప్పలయ్యకు ఎవరూ చదివి చెప్పలేదు.

అతను వచ్చాడు. కీబోర్డు నొక్కి విన్నాడు. మళ్లీ నొక్కాడు. లాగ్ ఫైలును అడిగాడు. అదీ లేదు.

"ఎవలన్న రీస్టార్ట్ చేసిన్రా అక్కా?"

"నేనే. ఏం చప్పుడు లేకుండె. ఆగిందనుకున్న."

అతను మొదటి నుంచి మళ్లీ పెట్టాడు. ఈసారి దాన్ని నోరు మూసుకొమ్మనలేదు. మెడ మీదికి జారిన ఇయర్‌ఫోన్‌లోంచి సన్నటి గొంతు ఒక్కో లింకు చదివి, నాట్ ఫౌండ్ అంటోంది. నాట్ ఫౌండ్. మళ్లీ నాట్ ఫౌండ్.

సైటు మూసేశారు. చిరునామాలన్నీ సీడీలో భద్రంగా ఉన్నాయి. ఇళ్లే లేవు.

ఏముండె అందులో అని ఆమె మెల్లగా అడిగింది.

పాఠాలట. ఎవరో సారు చూపు లేని పిల్లల కోసం సైన్సు పుస్తకాలన్నీ చదివి, రికార్డు చేసి పెట్టేవాడట. ఉప్పలయ్య అవి వినే పదో తరగతి దాటాడు. ఇప్పుడు సూర్యాపేటలో అట్లాంటి పిల్లలకే చదువు చెబుతున్నాడు.

"వేరేటోళ్ల దగ్గర లేవా?"

"సైటు యాడికి పోతదిలే అని ఎవలం దాసుకోలే. మూడేండ్ల కింద ఒక పాఠం సగం చెప్పి, మిగిలింది రేపు అన్నడు. మళ్ల ఆ సారు రాలే. మేమంటే యాష్టకొచ్చి, ఇసిగి మానేసిండేమో అనుకున్నం."

"సారు పేరేంది?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఉప్పలయ్య సీడీని సంచిలో పెట్టుకుంటున్నాడు.

"పేరెన్నడు చెప్పలే అక్కా. గని పాఠం అయిపోంగనే రోజు ఒకటే మాట అనేటోడు... 'ఇగ పోత పిల్లలూ, నవనీత తినకుండ కూసుంటది.'"